వరండాలో మూడో డబ్బా

టీవీ హాల్లో ఉంటే స్పీకరు వరండాలో ఎందుకో చిలుకమ్మకు అంతుబట్టలేదు.

గిన్నెలు తోమి బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆమె ముందుకు వచ్చేసరికి ఇమ్మానుయేలు స్టూలెక్కి వరండా గోడకు ఇనుప పట్టీ బిగిస్తున్నాడు. హనుమకొండ చౌరస్తాలో రేడియోలు, మైకుసెట్లు బాగుచేసే దుకాణం అతనిది. పొద్దున్నుంచీ ఆ ఇంట్లో అదే పని. హాల్లో కొత్త స్పీకరు డబ్బాలు రెండు, నడుమెత్తువి, టీవీకి అటొకటి ఇటొకటి నిలబడి ఉన్నాయి. టీవీ వెనక నుంచి ఒక తీగ ఆంప్లిఫయరులోకి పోయింది. అక్కడి నుంచి తీగలు చీలి రెండు డబ్బాల్లోకి పోయాయి. ఇకమీదట టీవీలో మాట్లాడినా, టేపులో పాట పెట్టినా ఆ పెద్ద డబ్బాల్లోంచే వస్తుందట. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో పాటలు వినిపించిన పాత డబ్బా, ముందరి గుడ్డ కాస్త చిరిగింది, స్టూలు కాళ్ల దగ్గర తన వంతు కోసం ఎదురుచూస్తోంది.

సత్యనారాయణ సారు హాలు నడుమ కుర్చీ వేసుకుని కళ్లు మూసుకున్నాడు. టేపులో సన్నాయి మోగుతోంది. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు ఆయన. ఆ రోజు సెలవు పెట్టాడు.

"ఎడమ దిక్కుది జర లోపలికి తిప్పు ఇమ్మానుయేలూ. ఆఁ... చాలు. సౌండు రెండు దిక్కులకెల్లి వచ్చి నా ముక్కు ముందర కలవాలె. అప్పుడే అది స్టీరియో."

కలిసినట్టుంది. ఆయన కళ్లు తెరిచి, చాక్‌పీసు తెప్పించి, డబ్బాల అడుగున నేల మీద తానే వంగి గీతలు గీశాడు.

"చిలుకమ్మా, ఊడ్చేటప్పుడు ఈ గీత దాటనియ్యకు తల్లీ."

"అట్లనే సారూ."

ఆ ఇంట్లో పనికి కుదిరిన నాటి నుంచీ ఆయన గొంతు పెరగడం చిలుకమ్మ వినలేదు. మంచినీళ్లు అడిగినా తల్లీ అనే అడుగుతాడు. పెరిగే గొంతంతా ఆయన భార్య సరస్వతమ్మది. అందుకే అమ్మ ఏం చేసినా చిలుకమ్మ ఒక కన్నేసి ఉంచేది. సారు విషయంలో ఆ అవసరం కనబడలేదు.

ఊడుస్తూ ఊడుస్తూ వరండాలోకి వచ్చి స్టూలు పక్కన ఆగింది.

"తమ్మీ, ఈ డబ్బ బయటెందుకు?"

"సారు పెట్టుమన్నడక్కా. ఆదివారం మీ వాడోళ్లు సినిమకొస్తరు గద. లోపట పడ్తలేరట. బయట గూసున్నోళ్లకు గూడ మంచిగ ఇనబడాలె అంటాండు."

"ఇనబడుడు సరే. కనబడుడో?"

ఇమ్మానుయేలు ఆమె వైపు చూశాడు. చేతిలోని మరమేకును పెదవుల మధ్య పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. నోట్లో మేకున్న మనిషిని మాట్లాడమనలేక ఆమె చీపురు ముందుకు జరిపింది.

ఆ కాలనీ వెనకనే చిలుకమ్మ వాళ్ల వాడ. మార్కెట్లో హమాలీ పని చేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, ఇళ్లల్లో పనులకు పోయేవాళ్లు ఉంటారు. ఓరుగల్లుకు టీవీ వచ్చినాక ఆ చుట్టుపక్కల మొదట కొన్నది సత్యనారాయణ సారే. ఆదివారం సాయంత్రం సినిమా అంటే వాడ వాడంతా మొహాలు కడుక్కుని ఆయన హాల్లో కింద కూర్చునేది. పిల్లలు ముందు, ముసలివాళ్లు గోడకానుకుని, చిలుకమ్మ వంటింటి గడప పక్కన.

ఆ ఆదివారం హాలు తలుపుకు ముదురాకుపచ్చ పరదా కొత్తగా వేలాడుతోంది. సరస్వతమ్మ దాని ముందు నిలబడింది.

"లోపల ఉక్కపోస్తాంది. వరండల గాలాడుతది. చాపలేసిన, కూసోండ్రి."

లోపల సోఫాల మీద సారు ఆఫీసు వాళ్లు, వాళ్ల భార్యలు ఉన్నారు. సినిమా మొదలయ్యే ముందు సారే స్వయంగా బయటికి వచ్చి, గోడ మీది డబ్బా వైపు చూపించి నవ్వాడు.

"అందరికీ ఇనబడ్తాందా? పెంచాల్నా?"

"మంచిగ ఇనబడ్తాంది సారూ!" అన్నారు వాడవాళ్లు. కొందరు నిజంగానే సంబరపడ్డారు. సారు మనకోసం వేరే డబ్బా పెట్టించాడని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆయన పరదా వెనక్కి పోయాడు.

తరువాత సినిమా వినడం మొదలుపెట్టారు. వినడమే. పాట వచ్చినంతసేపూ బాగానే ఉంది. కొట్లాట వచ్చేసరికి ఎవరు కొడుతున్నారో ఎవరు పడుతున్నారో తెలియలేదు. లోపలివాళ్లు ముందు నవ్వేవారు. బయటివాళ్లు ఆ నవ్వు విని, ఇక్కడ నవ్వాలి కాబోలనుకుని నవ్వేవారు. చిలుకమ్మను చాయలు ఇవ్వడానికి లోపలికి పిలిచారు. పళ్లెం పట్టుకుని సోఫాల మధ్య తిరుగుతుంటే బొమ్మ కనబడింది. చూడబుద్ధి కాక తల దించుకుంది. అయినా బయటికి రాగానే అందరూ చుట్టూ మూగారు.

"ఏమాయెనే? ఎవడు సచ్చిండు?"

"ముసలోడు పడ్డడు. పోలీసులొచ్చిండ్లు" అని గుసగుసగా చెప్పింది. తాను చూసింది కొంచెమే. మిగతాది కల్పించింది.

బక్కమ్మకు ఓపిక పోయింది. బీడీలు చుట్టే మనిషి, వాడలో అందరికంటే పెద్దది. లేచి ఒక్క వేలితో పరదా పక్కకు తీసింది. లోపలి నుంచి గాజులున్న చేయి ఒకటి వచ్చి పరదాను మళ్లీ దగ్గరికి లాగింది.

"ఇది సినిమనా, గుడ్డోళ్ల పంచాయతా?" అన్నది బక్కమ్మ అందరికీ వినబడేలా. "గీ డబ్బను పీకి మోరిల పారేస్తె పీడ వోతది!"

బయట అందరూ పకపకా నవ్వారు. లోపల ఎవరో ఉష్షన్నారు. ఎవరిదో మగ గొంతు, "ఏం సత్తెన్నా, ఇంత మంచి సిస్టం పెట్టి ఈ లొల్లేంది?" అంటుంటే చిలుకమ్మకు వినబడింది. సారు ఏమన్నాడో వినబడలేదు.

మరుసటి ఆదివారం వరండా డబ్బా పలకలేదు.

లోపల సినిమా నడుస్తోంది. పెద్ద డబ్బాల చప్పుడు పరదాలోంచి గుంయ్‌మని వస్తోంది గాని ఒక్క మాటా తెలియడం లేదు. కొంతసేపు చూసి ఎవరో పిలిచారు. సారు బయటికి వచ్చి స్టూలెక్కాడు. డబ్బాను వేలితో తట్టాడు, చెవి ఆనించాడు, తల అడ్డంగా ఊపాడు.

"వైరు ఎవరో పీకినట్టున్నరు. పిల్లలు పట్టుకొని ఏలాడిన్రేమో. ఫికరు చేయకుండ్రి, బాగు చేపిస్త."

ఎప్పటిలాగే మెత్తగా అన్నాడు. కోపం లేదు. పిల్లల తల్లులు పిల్లల వీపుల మీద తలా ఒకటి వేశారు. ఒక్కొక్కరే లేచి చాపలు చుట్టి మూలకు పెట్టి వెళ్లిపోయారు.

సోమవారం చిలుకమ్మ పనికి పోతే సరస్వతమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది.

"ఎవలు పీకిన్రే?"

"నాకేం ఎర్కమ్మా?"

"నీ వాడోళ్లేనాయె. ఇంటి ముందర గూసోబెట్టి, చాపలేసి, సినిమ ఇనిపిస్తె దానికి ఇదా ఫలం? సారు మెత్తటి మనిషి గన్క ఊకున్నడు. నేనైతె..."

మాట పూర్తి చేయకుండా, చిలుకమ్మ అందుకోబోయిన చీపురు తాను తీసుకుంది.

"హాలు నేనే ఊడ్చుకుంట. నువ్వు గిన్నెలు చూస్కో."

ఆ రోజంతా సరస్వతమ్మ ఆమె వెనకే ఉంది. చిలుకమ్మ పెరట్లోకి పోతే పెరట్లోకి వచ్చింది, బట్టలు ఆరవేయడానికి డాబా ఎక్కితే మెట్ల కింద నిలబడింది. అలమరకు తాళం వేసిన చప్పుడు విని చిలుకమ్మ తలెత్తింది. ఇన్నేళ్లలో ఆ అలమరకు తాళం చూడలేదు. కిటికీలో ఎప్పుడూ ఉండే స్టీలు గ్లాసులు కూడా కనబడలేదు.

ముఖం మాడ్చుకుని ఇంటికి వస్తుంటే బక్కమ్మ మాటలే చెవుల్లో తిరిగాయి. పీకి మోరిల పారేస్తె. ఇంకెవరన్నారు ఆ మాట? ఆ ముసలిదే పీకి ఉంటుంది. దాని నోటికీ చేతికీ అదుపుండదు. అది చేసిన పనికి నా పొట్ట మీదికి వచ్చింది. ఇల్లు చేరేసరికి అనుమానం కాస్తా నిజమై కూర్చుంది.

బోరింగు దగ్గర ఆడవాళ్లంతా బిందెలు పెట్టుకుని ఉన్నారు. బక్కమ్మ వంతు నడుస్తోంది. చిలుకమ్మ బిందె కింద పెట్టకుండానే అడిగింది.

"అత్తా, ఆ డబ్బ వైరు నువ్వు పీకినవా?"

బక్కమ్మ బోరింగు కొట్టడం ఆపింది.

"ఎవలన్నరే?"

"ఎవలనలే. నువ్వే అంటివి గద, పీకి పారేస్తె పీడ వోతదని."

"అన్న. అంటె పీకినట్టేనా?"

"మరెవలు పీకిండ్లు? నీ మూలంగ నన్ను దొంగను సూసినట్టు సూస్తాంది ఆ అమ్మ. హాల్లకు రానిస్తలేదు."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె, ఆదివారం పొద్దున బక్కమ్మ అటు దిక్కు పోవడం చూశానని నెమ్మదిగా అందుకుంది. తునికాకు కోసం పోయానని బక్కమ్మ అన్నది. ఎవరూ నమ్మినట్టు కనబడలేదు. చిలుకమ్మ రెండో కాన్పులో జ్వరం వచ్చి పడుకుంటే ఆ బిడ్డకు నీళ్లు పోసింది బక్కమ్మే. ఆ సంగతి చిలుకమ్మకు ఆ క్షణంలో గుర్తు రాకపోలేదు. అయినా చూపు తిప్పుకోలేదు.

"వాళ్లు నిన్నడిగిండ్లు. నువ్వు నన్నడుగుతానవ్" అన్నది బక్కమ్మ. "నేనెవల్నడగాలెనే?"

సగమే నిండిన బిందెను చంకనెత్తుకుని వెళ్లిపోయింది. ఆ తరువాత ఆమె చిలుకమ్మ ఇంటి ముందు నుంచి పోవలసి వచ్చినా అవతలి గోడ వారగా పోయేది. మిగతావాళ్లూ బక్కమ్మ గడపలో కూర్చోవడం తగ్గించారు. సరస్వతమ్మ ఇంట్లో చిలుకమ్మ వెనక అడుగులు వినబడినట్టే వాడలో బక్కమ్మ వెనక గుసగుసలు వినబడసాగాయి.

ఆ వారంలోనే ఒక సాయంత్రం చౌరస్తాలో ఉప్పు, చింతపండు కొని వస్తుంటే ఇమ్మానుయేలు దుకాణంలోంచి పలకరించాడు. బల్ల మీద రేడియో ఒకటి పొట్ట తెరుచుకుని ఉంది.

"అక్కా, ఎట్ల మోగుతాంది మా డబ్బ?"

"మోగుడెక్కడిది తమ్మీ? వైరు పీకిండ్లాయె. బాగుచేసుటానికి నువ్వొస్తలేవాయె."

"నన్నెవలు పిలిచిండ్లు?" ఇమ్మానుయేలు చేతిలోని పని ఆపాడు. "సారు మొన్న గీ దుకాణం ముందట్నుంచే పోయిండు. సౌండెట్లుంది సారూ అని నేనే అడిగిన. మూడో డబ్బ కలిపినప్పుడు లోపటి డబ్బలకు జర దమ్ము తగ్గింది, ఇప్పుడు ఫస్ట్ క్లాసుంది, ఫికరు లేదన్నడు. వైరు పీకిన సంగతి నాకు చెప్పనే లేదు."

"చెప్పలేదా?"

"ఒక్క ముక్క చెప్పలే."

చిలుకమ్మ అక్కడే నిలబడిపోయింది. వెనక నుంచి రిక్షావాడు బెల్లు కొడితే గాని పక్కకు జరగలేదు. సారు మీద అనుమానపడడానికి ఆమె మనసు ఒప్పలేదు. తల్లీ అని పిలిచే మనిషి. ఇమ్మానుయేలు ఏదో తప్పు విని ఉంటాడనుకుంది. సారు మరిచిపోయి ఉంటాడనుకుంది. అనుకుంటూనే ఇల్లు చేరింది.

మరునాడు సారు ఆఫీసుకు పోయాక సరస్వతమ్మ స్నానానికి పోయింది. చిలుకమ్మ చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చింది. చాక్‌పీసు గీతలు తొక్కకుండా టీవీ బల్ల పక్క నుంచి వంగి, గోడకూ బల్లకూ నడుమ తల దూర్చింది. వరండా వైపు పోయే తీగ గోడ వెంట మేకులకు వరసగా కట్టి ఉంది. ఎక్కడా తెగలేదు. ఆంప్లిఫయరు దగ్గరి కొసను మాత్రం విప్పి, రెండు పోగులకూ వేరువేరుగా నల్ల టేపు చుట్టి, మిగిలిన తీగను చుట్టగా మడిచి దారంతో కట్టారు. దారానికి ముడి వేసి కొసలు కూడా కత్తిరించారు. ఏలాడిన పిల్లలు చేసే పని కాదు. కోపంతో పీకిన ముసలిది చేసే పని అసలే కాదు.

"ఏం జేస్తానవే ఆడ?"

తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని సరస్వతమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చిలుకమ్మ లేవలేదు. జరిగి చోటిచ్చింది.

"మీరే సూడుండ్రమ్మా."

సరస్వతమ్మ అరవబోయి, ఎందుకో ఆగి, వచ్చి వంగింది. తీగచుట్టను చేతిలోకి తీసుకుంది. దారం ముడి మీద ఆమె వేలు ఆగింది. కుట్టుమిషను డబ్బాలోని తెల్లదారం అది. తువ్వాలులోంచి నీటిబొట్లు నేల మీద పడుతున్నాయి.

"నాకు గూడ పిల్లలు పీకిన్రనే చెప్పిండు" అన్నది చివరికి. ఈసారి గొంతు పెరగలేదు. తరువాత తీగను ఉన్నచోటనే పెట్టి లేచింది. "సూడలేదనుకో చిలుకమ్మా. రేపట్నుంచి హాలు నువ్వే ఊడ్వు."

తలుపు పక్కన ఉన్న చీపురు తీసి అందించింది. చిలుకమ్మ చేయి చాచలేదు. పెరట్లోకి పోయి మిగిలిన గిన్నెలు తోముకుంది. సరస్వతమ్మ ఆ రోజు ఆమె వెనక రాలేదు.

సాయంత్రం మళ్లీ పనికి వచ్చేసరికి సారు ఆఫీసు నుంచి వచ్చి కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండు డబ్బాల నుంచీ వీణ వచ్చి ఆయన ముందర కలుస్తోంది. నిజంగా బాగుంది. తీగ మీద వేలు జారితే ఆ జారడం కూడా వినబడుతోంది. చిలుకమ్మ గుమ్మం దగ్గర నిలబడి పాట అయ్యేదాకా ఆగుదామనుకుంది. ఆగలేకపోయింది.

"సారూ, టేపు మంచిగ చుట్టిన్రు."

"ఏం టేపు తల్లీ?" కళ్లు తెరవలేదు.

"నల్లది. బల్ల ఎన్క."

ఆయన చేయి పోయి వీణను తగ్గించింది. కళ్లు తెరిచి ముందు వంటింటి వైపు చూశాడు. సరస్వతమ్మ అక్కడ నిలబడి ఉంది. ఆమె ఏమీ అనకపోవడం చూసి చిలుకమ్మ వైపు తిరిగాడు.

"వరండల వాళ్లు మాట్లాడుకుంటుంటే లోపల ఒక్క ముక్క ఇనబడ్తలేదు. రావద్దని మొఖం మీద అనబుద్ధి గాలే. వాళ్లకే ఇసుగొచ్చి రారు గదాని..." ఆగాడు. "నేను ఎవరి పేరూ చెప్పలేదు గద చిలుకమ్మా."

ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో ఆమె మొదటిసారి విన్నది. ఇన్నాళ్లూ ఆ మెత్తదనాన్ని మంచితనమనుకుంది.

"ఒక్కరి పేరు చెప్తె నింద ఆ ఒక్కరి మీదనే పడుతుండె సారూ. చెప్పలే గన్కనే అందరి మీద పడ్డది. అమ్మ నా మీద ఏసింది. నేను బక్కమ్మత్త మీద ఏసిన."

"అయితే ఇప్పుడేమంటవ్? మళ్ల కలుపుత. ఇప్పుడే కలుపుత."

"కలుపుండ్రి, ఇడువుండ్రి, మీ ఇష్టం" అని, వంటింటి వైపు తిరిగి, "అమ్మా, గిన్నెలు తోముత, బట్టలు పిండుత. హాల్ల మాత్రం కాలు పెట్ట. హాలు మీరే ఊడ్చుకోండ్రి" అన్నది.

పని మానేయమంటుందేమోననుకుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. మగనికి మార్కెట్లో రోజూ పని దొరకదు. సరస్వతమ్మ మగని ముఖం చూసింది, తన చేతులు చూసుకుంది.

"సరే" అన్నది.

చిలుకమ్మ గిన్నెలు తోమి, అటు నుంచి అటే బోరింగు దగ్గరికి పోయింది. ఏ నలుగురి ముందు అడిగిందో ఆ నలుగురి ముందే చెప్పాలనుకుంది. బిందెలు వరసలో ఉన్నాయి. బక్కమ్మ అందరికంటే వెనక, దూరంగా నిలబడి ఉంది.

"డబ్బ వైరు సారే ఇప్పుకున్నడు" అన్నది చిలుకమ్మ గట్టిగా. "నేను కండ్లార సూసిన. నోటితోని ఒప్పుకున్నడు. అత్త మీద నేను ఉత్తగనే ఏసిన."

ఆడవాళ్లు ఒక్కసారే మాట్లాడారు. సారా? సత్తెనారాయణ సారా? అటు దిక్కు పోతుంటే చూశానన్న ఆమె, తాను అనుమానంతో అనలేదని, ఊరికే అన్నానని సర్దుకోబోయింది. బక్కమ్మ వరసలో ముందుకు జరిగింది. తన వంతు వచ్చాక బిందె నింపుకుంది. ఈసారి నిండా నింపుకుంది. పోతూ పోతూ చిలుకమ్మ ముందర ఆగింది.

"నన్నెందుకనుకున్నవే ముందుగాల?"

బక్కమ్మ బిందెను చంక మార్చుకుని వెళ్లిపోయింది.

ఆదివారం వచ్చింది. సాయంత్రం వరండా డబ్బా పలికింది. ముందెప్పుడూ లేనంత గట్టిగా పలికింది. తలుపుకు పరదా లేదు. సరస్వతమ్మ దాన్ని తీసి ఉతికి డాబా మీద ఆరవేయడం చిలుకమ్మ పొద్దుననే చూసింది. చాపలు పరిచి ఉన్నాయి. సారు గేటు దాకా వచ్చి, వాడ వైపు చూసి, "బాగైంది, రండ్రి, లోపలికే రండ్రి" అని దారిన పోయే ఇద్దరికి చెప్పాడు. వాళ్లు తలలూపి ముందుకు పోయారు. వాడలో ఎవరూ మొహం కడుక్కోలేదు. పిల్లలు ఒకరిద్దరు గేటు దాకా పోయి తొంగిచూస్తే తల్లులు పేరు పెట్టి కేకేశారు.

బక్కమ్మ తన గడప ముందు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చిలుకమ్మ పోయి కొంచెం ఎడంగా కూర్చుంది. బక్కమ్మ పొమ్మనలేదు, రమ్మనలేదు. ఆమె వేళ్లు ఆకు మడిచి, తంబాకు పోసి, దారం చుట్టి పక్కన వేస్తున్నాయి. కాలనీ వైపు నుంచి సినిమా మాటలు వస్తున్నాయి. ఇద్దరు మగవాళ్లు ఏదో గట్టిగా వాదించుకుంటున్నారు. ఒక ఆడమనిషి ఏడుస్తోంది. అంత దూరం నుంచి కూడా తేటగా వినబడుతోంది.

"ఎందుకేడుస్తాందో" అన్నది చిలుకమ్మ.

బక్కమ్మ చేతులాపలేదు. కొంతసేపటికి తడిగుడ్డలో చుట్టి ఉన్న తునికాకు కట్టను మోకాలితో చిలుకమ్మ వైపు జరిపింది.

"కత్తెర ఆడనే ఉన్నది" అన్నది. "ఊకె గూసోకు. ఆకు కత్తిరియ్యి."